పది గంటలకు అమ్మకం, పది దాటగానే ‘సోల్డ్ ఔట్’.. టెక్ సదస్సు టికెట్ న్యాయంగా దక్కాలంటే?

టికెట్లు ఉదయం 10 గంటలకు విడుదల చేస్తామని నిర్వాహకులు వారం ముందే చెప్పారు. జగిత్యాల దగ్గర నాచుపల్లి జేఎన్టీయూ క్యాంపస్‌లో చదివే ఒక అమ్మాయి ఆ సమయానికి ల్యాబ్‌లో ఉందనుకుందాం. పదీ పదికి బయటకొచ్చి ఫోన్ తెరిస్తే ‘సోల్డ్ ఔట్’ అని కనిపించింది. హైదరాబాద్‌లో ఐటీ ఉద్యోగం చేస్తున్న ఆమె సీనియర్‌కు మాత్రం టికెట్ దొరికింది. ఆయన దగ్గర ఆఫీసు వైఫై ఉంది, రెండు స్క్రీన్లు ఉన్నాయి, వెబ్‌సైట్‌లో ముందే సేవ్ చేసి పెట్టుకున్న కార్డు ఉంది. ఇద్దరికీ ఒకటే లింకు, ఒకటే సమయం. రూల్ ప్రకారం ఎవరికీ అన్యాయం జరగలేదు. కానీ ఆ అమ్మాయికి న్యాయం జరిగిందని చెప్పగలమా?

ఇది ఊహించిన సన్నివేశమే. అయితే డిమాండ్ ఎక్కువ, సీట్లు తక్కువ ఉన్న ప్రతి చోటా జరిగేది ఇదే. తత్కాల్ టికెట్ కోసం, తిరుమల దర్శనం కోసం, క్రికెట్ మ్యాచ్ కోసం ఫోన్ పట్టుకుని కూర్చున్న వారందరికీ ఈ అనుభవం ఉంటుంది. ప్రోగ్రామర్లు స్వచ్ఛందంగా నడుపుకొనే టెక్ సదస్సుల్లో మాత్రం దీన్ని సరిచేసే అవకాశం కాస్త ఎక్కువ. ఎందుకంటే అక్కడ లాభం కోసం అమ్మేవారు ఉండరు, అమ్మకం నియమాలు రాసేది కూడా ఆ సమూహమే.

అంత ముఖ్యమా ఈ టికెట్?

పైథాన్ ప్రోగ్రామింగ్ భాష వాడేవారు కలిసి నిర్వహించే పైకాన్ ఇండియా 2009లో బెంగళూరులో మొదలైంది. 2018లో, మళ్లీ 2023లో హైదరాబాద్‌లో జరిగింది. ఇలాంటి సదస్సుల్లో ప్రసంగాలు తర్వాత యూట్యూబ్‌లోకి వస్తాయి, కాబట్టి వెళ్లకపోయినా నష్టం లేదని కొందరంటారు. వీడియోలో దొరికేది ప్రసంగం మాత్రమే. టీ విరామంలో పక్కన నిలబడిన వ్యక్తి ఒక కంపెనీలో టీమ్ లీడ్ కావచ్చు, మీరు రోజూ వాడే సాఫ్ట్‌వేర్ రాసిన మనిషే కావచ్చు. ఇంటర్న్‌షిప్‌ల మాటలు అక్కడే మొదలవుతాయి. హైదరాబాద్‌లో ఉన్నవారికి ఇలాంటి పరిచయాలు నెలనెలా జరిగే మీటప్‌లలో ఎలాగూ దొరుకుతాయి. సిరిసిల్ల, కోరుట్ల నుంచి వచ్చేవారికి ఏడాదిలో ఆ రెండు రోజులే అవకాశం.

జగిత్యాల నుంచి హైదరాబాద్ సుమారు 190 కిలోమీటర్లు. మహాలక్ష్మి పథకం వచ్చాక అమ్మాయిలకు ఎక్స్‌ప్రెస్ బస్సులో ఛార్జీ లేదు. ప్రయాణం ఖర్చు తగ్గినా, సదస్సు గేటు దగ్గర స్కాన్ చేయించుకునే క్యూఆర్ కోడ్ సంపాదించడమే కష్టమవుతోంది.

లైన్లో చెప్పులుంటే నమ్మకం.. ఆన్‌లైన్లో?

‘ముందొచ్చిన వారికి ముందు’ అనే పద్ధతి మనకు బాగా అలవాటు. 2025 వానాకాలంలో యూరియా కోసం తెలంగాణలో సొసైటీ గోదాముల ముందు రైతులు తెల్లవారక ముందే చెప్పులు, పాస్‌బుక్కులు వరుసలో పెట్టడం చూశాం. అది కష్టమైన లైనే, కానీ కళ్లకు కనిపించే లైను. ఎవరు ముందున్నారో, మధ్యలో ఎవరు దూరారో అందరికీ తెలుస్తుంది. ఒక మనిషికి ఒక జత చెప్పులే ఉంటాయి.

ఆన్‌లైన్ లైన్లో ఈ రెండూ ఉండవు. ముందున్నదెవరో కనిపించదు, ఒకే మనిషి వంద చోట్ల నిలబడొచ్చు. ఇందుకు తత్కాల్ కంటే పెద్ద ఉదాహరణ అక్కర్లేదు. బుకింగ్ తెరిచిన మొదటి 5 నిమిషాల్లో లాగిన్ ప్రయత్నాల్లో సగం వరకు బాట్లవేనని, అంటే మనుషులు కాకుండా ఆటోమేటిక్ ప్రోగ్రాములు చేసేవేనని రైల్వే శాఖే 2025 జూన్‌లో ప్రకటించింది. అనుమానాస్పదంగా ఉన్న 2.5 కోట్ల యూజర్ ఐడీలను ఐఆర్‌సీటీసీ నిలిపేసింది. ఆ ఏడాది జులై 1 నుంచి ఆధార్ ధ్రువీకరణ ఉన్న ఖాతాలకే ఆన్‌లైన్ తత్కాల్ అన్నారు, జులై 15 నుంచి ఆధార్ ఓటీపీ తప్పనిసరి చేశారు. ఏసీ తరగతులకు 10 నుంచి 10.30 వరకు, నాన్ ఏసీకి 11 నుంచి 11.30 వరకు ఏజెంట్లను పక్కన పెట్టారు.

బాట్లను పూర్తిగా ఆపేసినా సమస్య సగమే తీరుతుంది. మిగిలిన మనుషుల మధ్య పోటీలో గెలిచేది వేగం. బ్యాంకు ఓటీపీ 20 సెకన్లు ఆలస్యమైనా, యూపీఐ ‘పెండింగ్’ అని చూపించినా వెనకబడినట్టే. ఆ వేగానికీ, సదస్సుకు రావాల్సిన అవసరానికీ సంబంధం లేదు. ఉద్యోగం చేసేవారికి పది గంటలకు ఫోన్ చూసే వీలుంటుంది, క్లాసులో కూర్చున్న విద్యార్థికి ఉండదు. ఒకసారి ఒక సదస్సు టికెట్ కోసం ఈ వ్యాసం రాస్తున్న నేనూ మూడు ఫోన్లు ముందేసుకుని కూర్చున్నాను. దొరికింది. మిగతా రెండు ఫోన్లు ఎవరి వంతు కాజేశాయో అప్పుడు ఆలోచించలేదు.

ఆన్‌లైన్ కాకుండా కౌంటర్‌లో అమ్మితే? 2022 సెప్టెంబరు 22న భారత్-ఆస్ట్రేలియా టీ20 టికెట్ల కోసం సికింద్రాబాద్ జింఖానా మైదానం దగ్గర ఏం జరిగిందో గుర్తుండే ఉంటుంది. వేలల్లో జనం వచ్చారు, తొక్కిసలాట జరిగింది, పోలీసులు లాఠీలకు పని చెప్పారు, పలువురు గాయపడ్డారు. 2025 జనవరి 8న తిరుపతిలో వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల కోసం నిలబడినవారిలో ఆరుగురు ప్రాణాలే కోల్పోయారు. టోకెన్లు ఇచ్చేది మర్నాడు తెల్లవారుజామున, జనం చేరింది ముందు రోజే. ‘ముందొచ్చిన వారికి ముందు’ అని చెప్పినప్పుడు అందరూ ముందే రావడం వింత కాదు. నియమమే అలా రమ్మంటోంది.

చిట్టీ పాటా.. చీటీ తీయడమా?

టికెట్ల పంపకంలో ఉన్న మిగతా రెండు దారులు చిట్టీలు వేసే ప్రతి ఇంటికీ తెలిసినవే. ఒకటి పాట. ఎవరు ఎక్కువ వదులుకుంటే చిట్టీ వారిది. రెండోది లక్కీ చిట్టీ. పేర్లు రాసిన చీటీలు స్టీలు డబ్బాలో వేసి, పిల్లవాడి చేత ఒకటి తీయిస్తారు.

పాట పద్ధతి అంటే డిమాండ్‌ను బట్టి ధర పెంచుకుంటూ పోవడం. విమాన టికెట్లలో ఇది మామూలే. కమ్యూనిటీ సదస్సులో ఇలా చేస్తే హాలు నిండుతుంది కానీ, కంపెనీ డబ్బుతో వచ్చినవారితోనే నిండుతుంది. చాలా సదస్సులు మధ్యే మార్గం పట్టాయి. కంపెనీ టికెట్‌కు ఎక్కువ, సొంత డబ్బుతో వచ్చేవారికి తక్కువ, విద్యార్థికి ఇంకా తక్కువ. మొదటిదాని మిగులుతో చివరిదాన్ని నడుపుతారు. ఇది బాగానే ఉంది. ‘ఎర్లీ బర్డ్’ పేరుతో ముందు కొన్నవారికి తగ్గింపు ఇవ్వడంలో మాత్రం చిన్న మెలిక ఉంది. నెలల ముందే తన సెలవుల సంగతి తెలిసి, చేతిలో డబ్బున్నవారే ముందు కొనగలరు. స్కాలర్‌షిప్ ఎప్పుడు పడుతుందో తెలియని విద్యార్థి చివరి రోజుల్లో పూర్తి ధర కట్టాల్సి వస్తుంది.

ఇక చీటీ తీసే పద్ధతి. పెద్ద కంపెనీలు కూడా చివరికి దీని దగ్గరికే వచ్చాయి. యాపిల్ డెవలపర్ సదస్సు డబ్ల్యూడబ్ల్యూడీసీ టికెట్ ధర అప్పట్లో 1,599 డాలర్లు ఉండేది. అంత ధర పెట్టినా 2012లో రెండు గంటలలోపే అమ్ముడైపోయాయి. 2013లో రెండు నిమిషాలు కూడా పట్టలేదు. 2014 నుంచి దరఖాస్తులు తీసుకుని లాటరీ పెట్టారు. గూగుల్ ఐ/ఓ టికెట్లు 2013లో 49 నిమిషాల్లో అయిపోయాయి, మర్నాటి ఏడాది ఆ సంస్థ కూడా డ్రాకు మారింది. డబ్బుకు, ఇంజనీర్లకు కొదవ లేని కంపెనీలే ‘సర్వర్లు పెంచుదాం’ అనుకోకుండా పద్ధతి మార్చాయి.

మన దగ్గర తిరుమలలో రెండు పద్ధతులూ పక్కపక్కనే కనిపిస్తాయి. రూ.300 ప్రత్యేక ప్రవేశ దర్శనం కోటాను సాధారణంగా ప్రతి నెలా 24న ఉదయం 10 గంటలకు విడుదల చేస్తారు. అక్కడ వేగమే ముఖ్యం. కొన్ని ఆర్జిత సేవలకు మాత్రం ఎలక్ట్రానిక్ డిప్. 18 నుంచి 20 వరకు ఎప్పుడైనా పేరు నమోదు చేసుకోవచ్చు, ఎంపికైనవారు 22లోగా డబ్బు కట్టాలి. తొక్కిసలాట జరిగిన ఏడాదే, 2025 డిసెంబరు 30 నుంచి మొదలైన వైకుంఠ ద్వార దర్శనాల్లో తొలి మూడు రోజులకు టీటీడీ ఈ-డిప్‌నే ఎంచుకుంది. డిప్‌లో రాకపోతే బాధ ఉంటుంది, కానీ రాత్రంతా రోడ్డు మీద నిలబడక్కర్లేదు. రాత్రి 11 గంటలకు హాస్టల్‌లో నింపిన ఫారానికీ, పది గంటలకు ఆఫీసులో నింపిన ఫారానికీ విలువ ఒకటే.

డ్రా తీస్తే అయిపోదు

డ్రా అనగానే న్యాయమైపోదు. తెలంగాణలో మద్యం దుకాణాల కేటాయింపు చూడండి. 2025 అక్టోబరులో 2,620 దుకాణాలకు జిల్లాల్లో కలెక్టర్ల ఆధ్వర్యంలో అందరి ముందూ లాటరీ తీశారు. తీసే తీరు బహిరంగమే. కానీ ఒక్కరే ఎన్ని దరఖాస్తులైనా వేయొచ్చు, ఒక్కోదానికి తిరిగి రాని రూ.3 లక్షలు కట్టాలి. ఎక్కువ డబ్బున్నవారికి డబ్బాలో ఎక్కువ చీటీలు. సర్కారుకు ఆదాయం కావాలి కాబట్టి అక్కడ ఆ నియమానికి అర్థం ఉంది. సదస్సుకు ఆ అవసరం లేదు కాబట్టి, ఒక మనిషికి ఒకే చీటీ ఉండాలి.

ఆ ‘ఒక మనిషి’ని ఎలా గుర్తించాలి? ఈమెయిల్ సరిపోదు, నిమిషానికొకటి పుట్టించొచ్చు. ఓటీపీ వచ్చే ఫోన్ నంబరు కొంత నయం. అన్నిటికంటే తేలికైనది టికెట్ మీద పేరు ముద్రించి, గేటు దగ్గర ఏదో ఒక గుర్తింపు కార్డు చూడటం. కాలేజీ ఐడీ చాలు. రైల్వేలాగా ఆధార్ అడగాల్సిన పని సదస్సు నిర్వాహకులకు లేదు. ఎవరైనా ఆధార్ కాపీ అప్‌లోడ్ చేయమంటే ఎందుకని అడగండి. తప్పనిసరైతే చివరి నాలుగు అంకెలు మాత్రమే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి.

రెండో చిక్కు స్నేహితులది. నలుగురు కలిసి సిరిసిల్ల నుంచి వెళ్దామనుకున్నారు. 100 సీట్లకు 400 మంది దరఖాస్తు చేశారు. ఒక్కొక్కరికి దొరికే అవకాశం నాలుగింట ఒకటి. విడివిడిగా వేస్తే నలుగురికీ రావడం దాదాపు 256 సార్లలో ఒకసారి జరిగే మాట. ఒక్కరికో ఇద్దరికో వస్తుంది, ఒంటరిగా అంత దూరం పంపడానికి ఇంట్లో ఒప్పుకోరు, ఆ టికెట్ వృథా అవుతుంది. నలుగురినీ ఒకే చీటీగా వేసుకోనిస్తే అందరికీ కలిపి నాలుగింట ఒక అవకాశం. వస్తే అందరికీ వస్తుంది, లేకపోతే ఎవరికీ రాదు. మిగిలినవారికి దీని వల్ల నష్టమేమీ లేదు. మొదటిసారి వెళ్లే అమ్మాయిలకు ఈ చిన్న వెసులుబాటు ఎంత తేడా చేస్తుందో చెప్పక్కర్లేదు.

మూడోది నమ్మకం. లక్కీ చిట్టీలో డబ్బా అందరి ముందూ ఊపుతారు. కంప్యూటర్ డ్రాలో ఏం ఊపారో ఎవరికి తెలుసు? దీనికి ఇంటర్నెట్ ప్రమాణాలు రూపొందించే ఐఈటీఎఫ్ ఎప్పుడో దారి చూపింది. తన ఎంపిక కమిటీకి సభ్యులను లాటరీలో తీసుకోవడానికి 2004లో ‘ఆర్‌ఎఫ్‌సీ 3797’ అనే పత్రాన్ని ప్రచురించింది. పద్ధతి ఇలా ఉంటుంది. దరఖాస్తుల జాబితాకు వరుస నంబర్లు వేసి ముందే ప్రకటించాలి. ఏ లెక్క ప్రకారం ఎంపిక చేస్తారో కూడా ముందే చెప్పాలి. ఆ లెక్కలో వేసే అంకె మాత్రం అప్పటికి ఎవరికీ తెలియనిదై ఉండాలి. ఉదాహరణకు ‘వచ్చే శుక్రవారం సెన్సెక్స్ ముగింపు అంకె, దశాంశాలతో సహా’ అనొచ్చు. శుక్రవారం సాయంత్రం ఆ అంకె టీవీలో వచ్చాక ఎవరైనా తమ ల్యాప్‌టాప్‌లో అదే లెక్క వేసి, అవే పేర్లు వచ్చాయో లేదో సరిచూసుకోవచ్చు. ప్రోగ్రామర్ల సదస్సుకు ఇది పది నిమిషాల పని. అయినా మన దగ్గర ‘మా సిస్టమ్ ఎంపిక చేసింది’ అనే ఒక్క వాక్యంతో సరిపెట్టేవారే ఎక్కువ.

జర్మనీ వాళ్ల గొలుసు

డ్రా కాకుండా వేరే దారి పట్టినవారూ ఉన్నారు. జర్మనీలో హ్యాకర్ల సంఘం కేయాస్ కంప్యూటర్ క్లబ్ 1984 నుంచి ఏటా డిసెంబరు చివరి వారంలో పెద్ద సమావేశం నిర్వహిస్తోంది. ఇది కూడా వాలంటీర్లతో నడిచేదే. అక్కడ టికెట్లలో ఒక భాగం వోచర్లతో అమ్ముతారు. ముందుగా తమకు తెలిసిన స్థానిక బృందాలకు కొన్ని వోచర్లు ఇస్తారు. ఒకరు వోచర్‌తో టికెట్ కొని డబ్బు కట్టగానే కొత్త వోచర్ పుడుతుంది, దాన్ని తమ బృందంలో మరొకరికి ఇస్తారు. ఇలా గడువు తేదీ వరకు గొలుసు సాగుతుంది. త్వరగా కడితే పక్కవారికి త్వరగా అందుతుంది. అంటే అక్కడ వేగం తోటివారికి సాయమవుతుంది. ప్రతి ఏడాదీ పని మోసే వాలంటీర్లు బయట ఉండిపోయే ప్రమాదమూ తప్పుతుంది.

లోపం స్పష్టమే. ఆ బృందాల్లో ఎవరూ తెలియని కొత్తవారికి గొలుసు అందదు. అందుకే మిగిలిన టికెట్లను వేర్వేరు తేదీల్లో, దఫదఫాలుగా అందరికీ అమ్మకానికి పెడతారు. ఈ పద్ధతిని మన దగ్గరికి తెస్తే, మొదటి వోచర్లు హైదరాబాద్ మీటప్ గ్రూపులకే కాకుండా జిల్లా కాలేజీల కోడింగ్ క్లబ్బులకూ ఇవ్వాలి. నాచుపల్లికి పది, సిరిసిల్ల జేఎన్టీయూకు పది ఇస్తే చాలు, గొలుసు దానంతటదే పెరుగుతుంది. అలా చేయకపోతే అది మంచి మాటల్లో చుట్టిన రికమండేషనే.

అసలు అమ్మకానికి పెట్టినవెన్ని?

డ్రా ఎంత పారదర్శకంగా ఉన్నా, డబ్బాలోకి రాకముందే సీట్లు పోతే ఏం లాభం? 2025 ఐపీఎల్ సమయంలో ఉచిత పాసుల కోసం హైదరాబాద్ క్రికెట్ సంఘం ఒత్తిడి చేస్తోందని సన్‌రైజర్స్ ఫ్రాంచైజీ బహిరంగంగా ఫిర్యాదు చేసింది, ప్రభుత్వం విజిలెన్స్ విచారణకు ఆదేశించింది. సదస్సుల్లోనూ స్పాన్సర్లకు, వక్తలకు, వాలంటీర్లకు పాసులు పోతాయి. అందులో తప్పు లేదు, వాళ్లు లేకపోతే సదస్సే లేదు. కానీ మొత్తం సీట్లు ఎన్ని, అందులో ఎవరెవరికి ఎన్ని, అమ్మకానికి ఎన్ని అనే లెక్క ముందే పెట్టాలి. ‘800 సీట్లలో 450 అమ్మకానికి’ అని చెబితే ఎవరూ గొడవ పడరు. తర్వాత బయటపడితేనే గొడవ.

వెళ్లలేకపోతే టికెట్ ఏం కావాలి?

బ్లాకు పుట్టేది ఇక్కడే. టికెట్ బదిలీ పూర్తిగా నిషేధిస్తే సీటు ఖాళీగా పోతుంది, పూర్తిగా వదిలేస్తే టెలిగ్రామ్ గ్రూపుల్లో మూడింతలకు అమ్ముతారు. రైలు టికెట్లను అనుమతి లేకుండా కొని అమ్మితే రైల్వే చట్టం సెక్షన్ 143 కింద మూడేళ్ల వరకు జైలు ఉంది. ఆ సెక్షన్ రైలు టికెట్లకే వర్తిస్తుంది. సదస్సు టికెట్‌కు కాపలా కాయాల్సింది నిర్వాహకులే. వెనక్కి ఇచ్చే టికెట్‌ను వారే అసలు ధరకు తీసుకుని, డ్రాలో తర్వాతి వరుసలో ఉన్నవారికి ఇస్తే బ్లాకులో అమ్మేవాడికి పని ఉండదు. సదస్సుకు రెండు రోజుల ముందు వరకు ఇది తెరిచి ఉంచాలి. జిల్లాల నుంచి వచ్చేవారికి బస్సు ఎక్కే సమయమైనా కావాలి కదా.

ఉచిత సదస్సులది మరో కథ. ఊరికే వస్తోంది కదా అని పేరిచ్చి, ఆదివారం పొద్దున లేవబుద్ధి కాక మానేస్తారు. ‘ఫుల్’ అని బోర్డు పెట్టిన హాల్లో కుర్చీలు ఖాళీగా కనిపిస్తాయి. వంద, రెండు వందలు డిపాజిట్ తీసుకుని, వచ్చాక తిరిగిచ్చే ఏర్పాటు దీనికి మందు.

మీరు టికెట్ కోసం ప్రయత్నిస్తుంటే

అమ్మకం ఏ పద్ధతిలోనో ముందు చూడండి. డ్రా అయితే తొందర అక్కర్లేదు, చివరి గంట వరకు ఆగకుండా ఒకసారి నింపితే చాలు. ముందొచ్చిన వారికి ముందు అయితే ఖాతా తెరవడం, ఫోన్ నంబరు ధ్రువీకరణ, పేరు వివరాలు ముందు రోజే పూర్తి చేసుకోండి. యూపీఐతో పాటు ఇంకో చెల్లింపు మార్గం సిద్ధంగా పెట్టుకోండి. పేమెంట్ పేజీలో ఉండగా రిఫ్రెష్ కొట్టొద్దు. చాలా సైట్లు సీటును కొన్ని నిమిషాలు మీ పేరున పట్టి ఉంచుతాయి, రిఫ్రెష్ చేస్తే అది జారిపోవచ్చు.

విద్యార్థి టికెట్, ఆర్థిక సాయం కోటా వేరుగా ఉంటాయేమో చూడండి. వాటి గడువు చాలాసార్లు సాధారణ అమ్మకం కంటే ముందే ముగుస్తుంది. అడగడానికి మొహమాటపడేవారు ఎక్కువ కాబట్టి అక్కడ పోటీ తక్కువ. వాలంటీరుగా పేరిచ్చినా లోపలికి దారి దొరుకుతుంది.

‘చివరి 3 టికెట్లే’ అని భయపెట్టే బోర్డులు, చివరి పేజీలో కలిపే అదనపు రుసుములు 2023 నవంబరులో కేంద్రం ప్రకటించిన ‘డార్క్ ప్యాటర్న్స్’ జాబితాలో ఉన్నాయి. నిజం కాని తొందర పెట్టడం, ధరను దాచి విడతలుగా చూపడం రెండూ నిషిద్ధమే. ఫిర్యాదుకు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. వాట్సాప్‌లో, టెలిగ్రామ్‌లో ఎవరో పంపిన క్యూఆర్ కోడ్‌కు డబ్బు కట్టి మోసపోతే వెంటనే 1930కి కాల్ చేయండి, లేదా జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో నమోదు చేయండి. మొదటి గంటల్లో చెబితే డబ్బు వేరే ఖాతాలకు మారకముందే ఆపే అవకాశం ఉంటుంది.

టికెట్ దొరక్కపోతే వెయిటింగ్ లిస్ట్‌లో పేరు ఉంచుకుని, సదస్సు ముందు వారమంతా ఈమెయిల్ చూస్తూ ఉండండి. వెనక్కి వచ్చే టికెట్లలో చాలావరకు ఆ వారంలోనే వస్తాయి. స్పామ్ ఫోల్డర్ కూడా ఒకసారి తెరవండి.